గిజిగాడు కట్టాడా, కట్టిందా?

ప్రశ్న: తూర్పు ఆఫ్రికా పక్షుల గురించి పిల్లలకు ఒక వ్యాసం రాస్తున్నాను. కెన్యా, ఉగాండా ఊళ్ళలో ఇళ్ళ పక్క చెట్లకు గుంపులుగా గూళ్ళు వేలాడగట్టే విలేజ్ వీవర్‌ను గిజిగాడు అనవచ్చునా? అంటే గనక, ‘గిజిగాడు గూడు కట్టాడు’ అనాలా, ‘కట్టింది’ అనాలా?

జవాబు: నమస్కారమండీ. పేరు విషయంలో సందేహం అక్కర్లేదు. మన పొలాల్లో ఈతచెట్లకు, తుమ్మచెట్లకు గూళ్ళు వేలాడగట్టే పక్షీ, మీరు చెప్పిన పక్షీ ప్లోసియస్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. మన గిజిగాడి గూటికి పొడవాటి గొట్టం కిందికి దిగుతుంది, అక్కడి గూటికి ద్వారం పొట్టిగా ఉంటుంది. అక్కడి మగపక్షి తల నలుపు, ఒళ్ళు పసుపు. ‘నేతపిట్ట’ అని కొత్తగా అనువదించడం కన్నా ‘ఆఫ్రికా గిజిగాడు’ అనడమే నాకు నచ్చుతుంది.

క్రియ సంగతి ఇంకా ముఖ్యం. బాలవ్యాకరణం ప్రకారం పశుపక్ష్యాదులు మహత్తులు (మగవాళ్ళను చెప్పే మాటలు) కావు గనుక ‘కట్టింది’ అనడం శాస్త్రసమ్మతమే. కానీ ఈ మాట చివర ‘గాడు’ ఉంది. విభక్తి చేరితే గిజిగాడి గూడు, గిజిగాడికి అని మగవాళ్ళ పేర్లలాగే మారుతుంది. పైగా ఈ పక్షుల్లో గూడు అల్లేది మగదే. గడ్డి ఆకుల నుంచీ తాటాకుల నుంచీ పచ్చి పోగులు చీల్చుకొచ్చి, ముందుగా నిలువుగా ఒక వలయం అల్లి, అందులో నిలబడి ముక్కు అందినంత మేర చుట్టూ గది కడతాడు. ఆ పైన గూటి కింద తలకిందులుగా వేలాడుతూ, రెక్కలు కొట్టుకుంటూ ఆడపక్షిని పిలుస్తాడు. ఆమె లోపలికి దూరి చూసి, నచ్చితే మెత్తటి గడ్డి పరుచుకుని గుడ్లు పెడుతుంది. పచ్చదనం పోయి వాడిపోయిన గూడును ఆమె ఇష్టపడదు, అప్పుడు అతడు దాన్ని తానే పీకేసి మళ్ళీ అల్లుతాడు. ఇంత కథనూ ‘కట్టింది, పిలిచింది, చూసింది, పీకేసింది’ అని చెబితే ఎవరి పని ఏదో పిల్లలకు ఎలా తెలుస్తుంది? మన భాషలో ఏకవచనంలో స్త్రీకీ, పక్షికీ క్రియారూపం ఒక్కటే కదా. అందుచేత ఇక్కడ మగపక్షికి ‘కట్టాడు’ అని రాయడమే సబబని నా అభిప్రాయం.

అక్కడి స్వాహిలీ భాషలో ఈ చిక్కు లేదు. పక్షి పేరు క్వేరా. ‘ఫుండి అనజెంగా’ అంటే చేతిపని తెలిసినవాడు కడుతున్నాడు అనీ కావచ్చు, చేతిపని తెలిసినామె కడుతోంది అనీ కావచ్చు. ‘క్వేరా అనజెంగా’ అన్నా క్రియ అదే. ప్రాణులన్నిటికీ మనుషులతో సమానంగా ఒకే రూపం వాడతారు, ఆడా మగా తేడా చూపరు.

ప్రశ్న: మరి ఆడపక్షిని ఏమనాలి? ‘ఆడ గిజిగాడు’ చెవికి ఇంపుగా లేదు.

జవాబు: పోతు, పెంటి అనే జంట మాటలు మనకు ఉండనే ఉన్నాయి. మొదటిసారి ‘గిజిగాడి పెంటి’ అని రాసి, ఆ తర్వాత ‘పెంటి’ అంటే చాలు.