పాలపిట్ట నిజంగా తగ్గిందా, మన కళ్లకే కనిపించట్లేదా?

చెరువుగట్టు (నల్గొండ జిల్లా)

దసరా రోజు మా ఊరి వాట్సాప్ గ్రూపులో మొదలైన వాదన ఇది. అక్కడ తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. జమ్మి పూజ అయ్యాక పాలపిట్టను చూపిద్దామని పిల్లల్ని తీసుకుని ఊరి బయట మూడు కిలోమీటర్లు నడిచాం, చీకటి పడేదాకా తిరిగినా ఒక్కటీ కనబడలేదు. నా చిన్నప్పుడు ఊరు దాటగానే చెరువుగట్టు తుమ్మల మీదో కరెంటు తీగ మీదో ఉండేది, దాన్ని వెతకాల్సి వస్తుందని ఎవరూ అనుకోలేదు. తిరిగొస్తుంటే గుడి దగ్గర ఒకతను పాలపిట్టను పంజరంలో పెట్టుకుని నిలబడ్డాడు, చూడటానికి మనిషికి ఇరవై రూపాయలు. ఎగరకుండా రెక్కలకు ఏదో జిగురు పూసినట్టున్నాడు. దీన్ని చూస్తే మంచి జరుగుతుందా అని మా పాప అడిగితే ఏం చెప్పాలో తోచలేదు.

ఇంటికొచ్చి "పాలపిట్టలు అయిపోయాయి" అని గ్రూపులో రాశాను. వెంటనే ఇద్దరు ముగ్గురు "హైవే ఎక్కి చూడు, తీగకొకటి ఉంది" అని నా మీద పడ్డారు. 2014లో తెలంగాణ రాష్ట్ర పక్షిగా పెట్టుకున్నాం, అది ఉందో పోతోందో మనకే తెలియకపోతే ఎట్లా? మీ మీ ఊళ్లలో ఎలా ఉందో చెప్పండి.

మెట్టపొలం (అనంతపురం)

అన్నా, నీ బాధ అర్థమైంది. కానీ ఒక సాయంత్రం కనబడలేదని జాతే అయిపోయిందంటే నేను ఒప్పుకోను. నాది శెనక్కాయ, కంది. కాయ పీకేశాక ట్రాక్టరు పెట్టి దున్నుతుంటే వెనకాలే కొంగలు, గోరింకలు, ఏట్రింతలు వస్తాయి, పక్క తీగ మీద రెండో మూడో పాలపిట్టలు కాచుకుని కూర్చుంటాయి. మన్ను తిరగబడి మిడతో పురుగో పైకి రాగానే దూకి పట్టుకుని, మళ్లీ తీగెక్కి దాన్ని బాది మింగుతుంది. రోజూ నా కళ్ల ముందు జరిగేదాన్ని లేదంటే ఎలా నమ్మాలి?

ఇంకో మాట కూడా చెప్పాలి. పక్షులు తగ్గాయి, తగ్గాయి అని రాసేవాళ్లు ఒకసారి మా పొలానికి రండి. విత్తనం వేసిన నాలుగు రోజులు నెమళ్లకు కాపలా కాయడానికి మనిషిని పెట్టుకోవాలి. అది జాతీయ పక్షి, చేయి పెట్టకూడదు, తోలుకోవాల్సిందే. మా నాన్న రోజుల్లో మా ఊళ్లో నెమలి అనేదే లేదు. ఇది ఎవరూ రాయరు.

వేకువజాము (హైదరాబాద్)

మెట్టపొలం గారు, నెమళ్ల మాట వందకు వంద నిజం, రాశారు కూడా. 2023 ఆగస్టులో దేశమంతటి పక్షుల పరిస్థితి మీద ఒక పెద్ద నివేదిక వచ్చింది, 942 జాతులను పరిశీలించారు. 30 వేల మందికి పైగా పక్షి పరిశీలకులు ఈబర్డ్‌ అనే, చూసిన పక్షుల్ని రాసిపెట్టే వెబ్‌సైటులో పెట్టిన మూడు కోట్ల నమోదులు దానికి ఆధారం. గత రెండు దశాబ్దాల్లో నెమలి 150 శాతానికి పైగా పెరిగిందని అందులోనే ఉంది. 30 శాతం, అంతకు మించి తగ్గిన 14 జాతుల స్థితిని, ఏ జాతికి ఎంత ముప్పుందో చెప్పే అంతర్జాతీయ ఎర్ర జాబితాలో మళ్లీ పరిశీలించాలని కూడా అదే నివేదిక అడిగింది. ఆ 14లో పాలపిట్ట ఉంది.

చెరువుగట్టు గారు, "అయిపోయాయి" అన్న మాట మాత్రం సరైంది కాదు. 2025లో ఎర్ర జాబితాలో దాన్ని ఆందోళన అక్కర్లేని వర్గం నుంచి ముప్పుకు దగ్గరైన వర్గంలోకి మార్చారు, అయినా మన రెండు రాష్ట్రాల్లోనూ కనబడుతూనే ఉంది. ఎక్కువగా కనబడే పక్షి కూడా తగ్గుతూ ఉండొచ్చు, ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు. వందలో ముప్పై పోయినా తీగ మీద డెబ్బై కనబడతాయి కదా, ఆ డెబ్బై చూసినవాడికి పోయిన ముప్పై ఎలా తెలుస్తాయి?

నేను ఏడేళ్లుగా ప్రతి ఆదివారం చూసిన పిట్టల లిస్టు రాస్తున్నాను. ఊరవతల కొత్త వెంచర్లు పడ్డ దారుల్లో మొదటి రెండేళ్లు వెళ్లిన ప్రతిసారీ పాలపిట్ట దొరికేది, ఇప్పుడు నాలుగు వారాలకోసారి. అదే శంషాబాద్ దాటి కొంచెం లోపలికెళ్తే ఇప్పటికీ బాగానే ఉన్నాయి.

లెక్కతేల్చు (వరంగల్)

నాకు ఆ నివేదిక పద్ధతి మీదే అనుమానం ఉంది. పదిహేనేళ్ల కింద పక్షులు చూసేవాళ్లు కొద్దిమంది, వాళ్లందరికీ బాగా తెలిసిన విద్య. ఇప్పుడు ఫోను పట్టుకున్న ప్రతివాడూ లిస్టు పెడుతున్నాడు. అందరూ వెళ్లేది అమీన్‌పూర్ చెరువుకో అనంతగిరికో. పాలపిట్ట ఉండేది మెట్ట పొలాల్లో, అక్కడికి ఎవరూ వెళ్లరు. పొలాలకు వెళ్లే లిస్టులు తగ్గి చెరువులకు వెళ్లే లిస్టులు పెరిగితే పాలపిట్ట తగ్గినట్టు కనబడదా? వేకువజాము గారు తన ఆదివారాల గురించి చెప్పింది కూడా వెంచర్ల కథే, జాతి కథ కాదు.

వేకువజాము

మంచి ప్రశ్న, ఇది అడగాల్సిందే. వాళ్లు పక్షుల తలలు లెక్కపెట్టి కూడరు. వంద లిస్టుల్లో ఎన్నింట్లో ఆ పక్షి ఉందన్నది చూస్తారు. అదీ కనబడిన ప్రతి పక్షినీ రాసిన పూర్తి లిస్టులే తీసుకుంటారు, "ఇవాళ ఒక అరుదైన పిట్ట చూశా" అని ఒకటే రాసి వదిలేసినవి తీసేస్తారు. పొడవైన లిస్టును పొడవైన దానితో, చిన్నదాన్ని చిన్నదానితో పోలుస్తారు, ఎవరు ఎంతసేపు చూశారన్న తేడా కొట్టుకుపోవాలని. ఏ ప్రాంతం నుంచి ఎన్ని వచ్చాయన్నదానికీ సర్దుబాటు ఉంది.

అయినా మీరు చెప్పిన చెరువుల సమస్య పూర్తిగా పోదు. మన దగ్గర హైదరాబాద్ నుంచి వచ్చినన్ని లిస్టులు ఆదిలాబాద్, రాయలసీమ పల్లెల నుంచి రావు. కాబట్టి దేశం మొత్తం మీద పాలపిట్ట తగ్గిందన్నది నేను నమ్ముతాను, అనంతపురంలో ఎంత తగ్గిందని అడిగితే చెప్పలేను. మెట్టపొలం గారి దగ్గర తగ్గకపోయి కూడా ఉండొచ్చు.

పిచ్చుక గురించి ఒక మాట. "పిచ్చుకలు లేవు" అని ప్రతి మార్చి 20కీ, పిచ్చుకల దినం రోజు, అందరం రాస్తాం. 2020లో వచ్చిన ఇలాంటి నివేదికలోనే, పాతికేళ్లలో పిచ్చుక దేశం మొత్తం మీద ఇంచుమించు నిలకడగానే ఉందని తేలింది, తగ్గింది పెద్ద నగరాల్లో, హైదరాబాద్ కూడా అందులో ఉంది. నగరంలో కూర్చుని రాసేవాళ్లం కాబట్టి దేశమంతా పోయాయనుకున్నాం. పాలపిట్ట విషయంలో దీనికి ఎదురు తప్పు చేస్తున్నామని నా భయం, హైవే మీద కనబడుతోంది కదా అని ధైర్యంగా ఉండటం.

గోదారిలంక (పశ్చిమ గోదావరి)

వేకువజాము గారూ, లిస్టులూ శాతాలూ నాకు తెలియవు, మా వైపు జరిగింది చెబుతాను. మా పుట్టింటి చేల గట్ల మీద తాటిచెట్ల వరస ఉండేది. తల ఎండిపోయి మోడైన తాళ్లలో తొర్రలు పడతాయి కదా, వాటిలో ఒకదాంట్లో చిలకలు, ఇంకోదాంట్లో పాలపిట్టలు. వేసవిలో మగది పైకెగిరి గిరికీలు కొడుతూ గోల గోలగా కిందికి దిగడం చూడటానికి పనులాపుకుని నిలబడేవాళ్లం. ఇప్పుడు ఆ చేలన్నీ చేపల చెరువులు. తాళ్లు కొట్టేశారు, మిగిలిన మోళ్లు "ఎందుకు పనికొస్తాయి" అని ఇటుక బట్టీలకు పోయాయి. నీటికాకులు, కొంగలు విపరీతంగా పెరిగాయి, చూసేవాళ్లకు పక్షులు బాగా ఉన్నాయనిపిస్తుంది. పాలపిట్ట మాత్రం మా ఊళ్లో లేదు, నేను చూసి పదేళ్లయింది.

మోడు చెట్టు ఎందుకూ పనికిరాదు అనే మాట వింటే నాకు కోపం వస్తుంది. పాలపిట్ట తొర్ర తనంతట తాను చెక్కుకోలేదు, వడ్రంగిపిట్ట చెక్కి వదిలేసిందో, కుళ్లి పడిందో కావాలి. ఆ మోడు లేకపోతే మేత ఎంతున్నా గుడ్లెక్కడ పెడుతుంది?

చెరువుగట్టు

గోదారిలంక అక్కా, మీరు రాసింది చదివాక మా ఊరి గట్టు గుర్తొచ్చింది. మా తుమ్మలు కూడా గట్టు వెడల్పు చేసినప్పుడు పోయాయి.

నాకు ఇంకో విషయం చెప్పండి. ఈ దసరా పంజరాల వల్ల ఎంత నష్టం? 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద పట్టుకోవడమే నేరం, అయినా పండగకు ఊరూరా కనబడుతున్నాయి. నా ఉద్దేశంలో అసలు కారణం ఇదే. ఎండలో రోజంతా పంజరంలో ఉన్న పక్షి, జిగురు పూసిన రెక్కలతో, వదిలేసినా బతుకుతుందా?

వేకువజాము

చాలావరకు బతకదు. అది పచ్చి క్రూరత్వం, పంజరం కనబడితే అటవీ శాఖకు ఫోను చేయండి, డబ్బు మాత్రం ఇవ్వకండి. వదిలిపెట్టమని డబ్బిచ్చినా వాడికి అది లాభమే, వచ్చే ఏడు ఇంకో నాలుగు పడతాడు. కానీ దేశమంతా తగ్గడానికి అదే అసలు కారణమంటే ఒప్పుకోలేను. అది పండగ రోజుల సంగతి, పురుగుమందు ఏడాదంతా ఉంటుంది. పాలపిట్ట తినేదే మిడతలు, పేడపురుగులు, చిమ్మెటలు, అప్పుడప్పుడు బల్లో చిన్న పామో. పురుగు చచ్చిన పొలంలో అదేం తింటుంది? బంజర్లు, గట్లు, పొదలు కలగలిసిన మెట్ట మీద బతికే పక్షులు చాలావరకు తగ్గుతున్నాయి, గ్రేట్ గ్రే ష్రైక్ అనే బూడిదరంగు పిట్ట అయితే 80 శాతానికి పైగా పడిపోయింది. దాన్ని ఏ పండక్కీ ఎవరూ పట్టుకోరు.

మెట్టపొలం

మళ్లీ రైతు మీదికే వచ్చింది. మందు కొట్టకుండా కంది పండించి చూపించండి, కాయతొలుచు పురుగు పూత మీదే పడుతుంది. నాకు పాలపిట్ట మీద కోపం లేదు, అది నా పొలంలో మిడతలు తింటోంది, నాకు మేలే. కానీ ఊళ్లో లేనిది ఉన్నట్టు, ఉన్నది లేనట్టు ఎవరో చెబితే నేను తలూపను.

పాతపటం (ఆసిఫాబాద్)

రిటైరైన మాస్టారిని, వయసు చొరవతో ఒక మాట చెబుతాను, మెట్టపొలం బాబు ఏమనుకోవద్దు. నా చిన్నతనంలో ఊళ్లో ఎద్దు చచ్చిందంటే గంటలో ఆకాశం నిండా రాబందులు. వాటిని ఎవరూ లెక్కపెట్టలేదు, కాకుల్ని ఎవరు లెక్కపెడతారు? 1992 నుంచి 2007 లోపు మన దేశంలో తెల్లవీపు రాబందు 99 శాతానికి పైగా పోయింది. పశువులకు వేసే డైక్లోఫెనాక్ నొప్పి మందు ఆ కళేబరాల్లో ఉండి, తిన్న రాబందుల మూత్రపిండాలు చెడగొట్టింది. 2006లో పశువులకు ఆ మందు నిషేధించేసరికి మా ఊరి ఆకాశం ఖాళీ అయింది. 2013లో మా జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపుగుట్ట మీద కొన్ని పొడుగుముక్కు రాబందులు కనబడితే అది పేపర్లలో వార్త. నేను పోయి కింద నుంచి చూసి వచ్చాను, ఒక కొండచరియ మీద కొన్ని పక్షులు, వాటికి కాపలా మనుషులు. ఒకప్పుడు ఎవరూ తలెత్తి చూడని పక్షి అది.

పాలపిట్ట కూడా అలాగే పోతుందని నేననడం లేదు. "రోజూ కనబడుతోంది" అని ఆ రోజుల్లో మేమూ అనేవాళ్లం.

డల్లాస్ శ్రీను

మాస్టారి మాటకు ఒక చిన్న చేర్పు. నేనుండే అమెరికాలో 1966 నుంచి ప్రతి వేసవీ ఒకే రోడ్ల మీద, ఒకే చోట్ల ఆగి పక్షుల్ని లెక్కపెడుతున్నారు. 1970 నుంచి ఉత్తర అమెరికాలో దాదాపు 290 కోట్ల పక్షులు తగ్గాయని 2019లో తేలింది, పోయినవాటిలో ఎక్కువ భాగం రోజూ కనబడే మామూలు పిట్టలే. ఆ పాత లెక్కలు లేకపోతే ఇక్కడా ఇదే వాదన నడిచేది. మా ఊరు ఖమ్మం దగ్గర, అక్కడ 1990లో ఎన్ని పాలపిట్టలున్నాయో చెప్పే కాగితం ముక్క లేదు.

లెక్కతేల్చు

ఇది నేను ఒప్పుకుంటాను. కేరళలో 2015 నుంచి 2020 దాకా రాష్ట్రం మొత్తాన్ని గళ్లుగా కోసి, ఏ గడికి వెళ్లాలో ముందే తీసి, వానాకాలంలో ఒకసారి, ఎండల్లో ఒకసారి వెళ్లి లెక్కపెట్టారు. వెయ్యి మందికి పైగా మామూలు జనం చేశారు. ఇష్టమైన చెరువుకు వెళ్లడం కాదు, చీటీలో ఏ పొలం వస్తే ఆ పొలం. మన రెండు రాష్ట్రాల్లో జిల్లాకు అలా చేస్తే నా అనుమానాలు సగం పోతాయి. అప్పటిదాకా 30 శాతం అన్న అంకెను మన ఊళ్లకు అతికించకండి.

మెట్టపొలం

సరే, మాస్టారు గారి మాట రాత్రంతా తిరిగింది. మా తాత రాబందుల గురించి చెప్పేవాడు, నేను ఒక్కటీ చూడలేదు. లెక్కపెట్టాలంటే ఏం చేయాలి? ఇంగ్లీషు పేర్లు నాకు రావు.

వేకువజాము

పేర్లు అక్కర్లేదన్నా, మీరు మా అందరికంటే ఎక్కువ పిట్టల్ని గుర్తుపడతారు. ఒకే దారి పెట్టుకోండి, వారానికోసారి, పొద్దున ఒకే టైముకు, బండి నెమ్మదిగా. తీగ మీద ఎన్ని, చెట్టు మీద ఎన్ని, నేల మీద ఎన్ని, కనబడకపోతే సున్నా అని కూడా రాయాలి, ఆ సున్నా చాలా ముఖ్యం. చలికాలంలో మెట్టల్లో ఎక్కువ కనబడతాయి, అప్పటి లెక్కను ఎండాకాలం లెక్కతో పోల్చకూడదు. మార్చి నుంచి జూన్ దాకా గూడు కట్టే రోజులు, అప్పుడు తొర్రల దగ్గర చూడండి.

మెట్టపొలం

ఈ ఆదివారం మా ఊరి నుంచి మండలం దాకా, 14 కిలోమీటర్లు. పొద్దున ఆరున్నరకు బయల్దేరాను. పాలపిట్టలు 7, అన్నీ తీగల మీదే. ఏట్రింతలు 31. నెమళ్లు మా పొలం దగ్గరే 9. నేనైతే పాలపిట్టలు ఇరవై తగ్గవనుకుని వెళ్లాను, ఆ మాట దాచను. దారి పొడుగునా రోడ్డు పక్క పాత చింతచెట్లు ఉండేవి, రోడ్డు వేసినప్పుడు కొట్టేశారు, తొర్ర ఉన్నది ఒక్కటే మిగిలింది, చౌడమ్మ గుడి దగ్గర. దాంట్లో ఏముందో ఎండలు మొదలయ్యాక చూసి రాస్తాను.