ఫైబర్ బోటు అడుగులో కొబ్బరి పీచు: దెబ్బకి ఆగుతుందా, లేదా?

అమలాపురం పీచు: కోనసీమలో పీచుకి కొదవ లేదండి. చదరపు మీటరుకి 450 గ్రాములుండే గాజు మ్యాట్లలో (గాజు పోగుల పొరలు) మధ్యవి రెండు తీసేసి పీచు ఫెల్ట్ (ఒత్తి చేసిన పీచు దుప్పటి) వేస్తే అడుగు గట్టిపడుతుందని నా వాదన. గాజు మూడు నాలుగు శాతం సాగితే తెగుతుంది, కొబ్బరి పీచు 15 శాతం దాటి సాగుతుంది. జెట్టీకి కొట్టుకున్నా, ఒడ్డుకి లాగినా ఆ సాగుడే దెబ్బని మింగుతుంది. చార్పీ (దెబ్బకి ఎంత శక్తి మింగుతుందో కొలిచే పరీక్ష) అంకెలు కూడా నా వైపే. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

యానాం మోల్డర్: కారణం రెసినండి, అంటే పొరల్ని తడిపి గట్టిపడే జిగురు. మామూలు పాలిస్టర్ రెసిన్ రెండు శాతం దగ్గరే చిట్లుతుంది. అది చిట్లాక పీచు ఎంత సాగితే ఏం లాభం? పైగా కిలో గాజు మ్యాట్ రెండున్నర కిలోల రెసిన్ తాగుతుంది, రోవింగ్‌కి (నేసిన గాజు బట్ట) కిలోకి కిలో చాలు. ఫెల్ట్ మ్యాట్ కంటే ఎక్కువ తాగుతుంది. రోలర్ తీయగానే మళ్లీ పొంగి గాలి పీల్చుకుంటుంది. బరువు పెరుగుతుంది, బుడగలు మిగులుతాయి.

కాకినాడ మెకానికల్: చార్పీలో చిన్న బద్దని ఒక్క దెబ్బతో విరగ్గొడతారు. పీచు రెసిన్‌లోంచి ఊడి వచ్చేటప్పుడు రాపిడికి శక్తి ఖర్చవుతుంది, అందుకే అంకె బాగుంటుంది. బోటుకి ఆ ఊడటమే చేటు. ఊడిన ప్రతి సందూ ఉప్పునీటికి దారి.

పోల్చాలంటే రంగు కలపకుండా 30 సెంటీమీటర్ల చదరపు పలకలు పోయండి. మందం కాదు, బరువు సమానంగా ఉండాలి. నాలుగు అంచులూ బిగించి, గుండ్రటి మొన ఉన్న 2 కిలోల ఇనుముని మీటరు ఎత్తు నుంచి వదలండి. సుమారు 20 జౌళ్లు. గాజు పలకని ఎండకి ఎత్తి చూస్తే దెబ్బ చోట తెల్లటి మచ్చ కనిపిస్తుంది. పీచు పలకలో వెలుతురు రాదు కాబట్టి రూపాయి బిళ్లతో తట్టండి, పొర విడిన చోట మొద్దు శబ్దం వస్తుంది. అసలు పరీక్ష తర్వాతది: దెబ్బ తిన్న పలకల్ని నెల రోజులు ఉప్పునీటిలో నానబెట్టి, వంచి చూడాలి.

అమలాపురం పీచు: 5 శాతం కాస్టిక్ సోడాలో నానబెట్టి, బాగా కడిగి, ఆరబెడితే పట్టు పెరుగుతుంది కదండీ. రెండు వైపులా గాజు ఉండగా నీళ్లు ఎలా వస్తాయి?

యానాం మోల్డర్: బోల్టు కన్నాల్లోంచి, కోసిన అంచుల్లోంచి. ఇసుక మీద రోజూ ఈడ్చే బోటుకి జెల్ కోటు (బయటి రెసిన్ పూత) ఎన్నాళ్లుంటుంది? వానాకాలం మన గాలిలో ఆరబెట్టిన పీచు కూడా రాత్రికల్లా తేమ లాగేస్తుంది. ఆ తడి మీద రెసిన్ సరిగా సెట్ కాదు, జిగురుగా మిగులుతుంది. రెసిన్‌ని గట్టిపరిచే హార్డ్‌నర్ పెంచి సరిచేద్దామంటే ఆ మందంలో వేడెక్కి పగుళ్లు.

అంతర్వేది తీరం: మరి ఆరమిడ్ (కెవ్లార్ లాంటి గట్టి పోగు)?

కాకినాడ మెకానికల్: బయటి నుంచి దెబ్బ తగిలితే ఎక్కువ సాగేది లోపలి ముఖం. ఒక పొర వేస్తే అక్కడే, బయట గాజు ఉంచాలి. ఖరీదెక్కువ, మామూలు కత్తెరకి తెగదు. వేస్తే ఇసుక తగిలే ముందు భాగానికే వెయ్యండి.

అమలాపురం పీచు: మూతలకీ, బల్లలకీ పీచు చాలని ఒప్పుకుంటాను. అడుగు మాట మాత్రం ఐసో రెసిన్‌తో (నీటికి ఎక్కువ తట్టుకునే పాలిస్టర్) పోసిన పలకలు నానబెట్టి తేలాకే.