మస్ట్ నాట్, నీడ్ నాట్, డోంట్ హావ్ టు... నాట్ పెట్టంగనే అర్థం ఎందుకు మారుతది?

హన్మకొండ_అమ్మాయి:
అన్నలకు అక్కలకు నమస్తే. నేను హన్మకొండల హాస్టల్ల ఉండి ఎస్ఎస్సీకి, గ్రూప్స్ కి ప్రిపేర్ అయితున్న, డిగ్రీ దాంక తెలుగు మీడియమే. మోడల్ వెర్బ్స్, అంటే మెయిన్ వెర్బ్ కు ముందల వచ్చే మస్ట్, క్యాన్, మే లాంటియి, మామూలు వాక్యాలల్ల మంచిగనే సమజ్ అయితయి, మస్ట్ అన్నా చెయ్యాలె, హావ్ టు అన్నా చెయ్యాలె. మరి ఆ రెండు ఒకటే అయినప్పుడు మస్ట్ నాట్, డోంట్ హావ్ టు కూడా ఒకటే కావాలె గదా? మాక్ టెస్టుల 'యూ డ్యాష్ పే నౌ, ది ఫస్ట్ క్లాస్ ఈజ్ ఫ్రీ' అని ఇచ్చి ఆప్షన్లల్ల మస్ట్ నాట్, నీడ్ నాట్ రెండూ పెట్టిండ్రు. కీల నీడ్ నాట్ అని ఉంది, ఎందుకో రాయలె. ఇంకోటి, 'హీ మస్ట్ బీ ఎట్ హోమ్' కు ఆపోజిట్ 'హీ కాంట్ బీ ఎట్ హోమ్' అట, మస్ట్ పోయి క్యాన్ ఎట్ల వచ్చింది? రూల్ బట్టీ పట్టుడు కాదు, దాని ఎనుక లాజిక్ కావాలె నాకు. జర వివరంగ చెప్పుర్రి.

కరీంనగర్_ఇంగ్లీష్_టీచర్:
మంచి ప్రశ్న అమ్మా, చాలామంది ఇది అడగకుండనే టేబుల్ బట్టీ పట్టి పోతరు. ఒక్కటే చూడు, వాక్యంల నాట్ దేన్ని కొడ్తుంది, మోడల్ నా, దాని ఎనుకున్న మెయిన్ వెర్బ్ నా?

'యూ మస్ట్ నాట్ పే' ల మస్ట్ అట్లనే నిలబడి ఉంటది, నాట్ పోయి పే మీద పడ్తది. అంటే కట్టకుండ ఉండుడే తప్పనిసరి, కట్టినవంటే తప్పు చేసినట్టు. 'యూ నీడ్ నాట్ పే' ల నాట్ నీడ్ మీదనే పడ్తది, అవసరం అన్నదే పోయింది, ఇగ కట్టుడు కట్టకపోవుడు నీ ఇష్టం. డోంట్ హావ్ టు కూడా గంతే, నాట్ హావ్ టు కన్న ముందలనే ఉంది కాబట్టి ఆ 'తప్పనిసరి' అనేదాన్నే తీసేస్తది. మన దగ్గర 'కట్టొద్దు' వేరే, 'కట్టాల్సిన పని లేదు' వేరే, నువ్వు మాట్లాడేటప్పుడు ఎప్పుడన్న కన్ఫ్యూజ్ అయినవా? కాలే. ఇంగ్లీషుల గూడ ఆ తేడానే ఉంది.

పరీక్షల డౌట్ వస్తే వాక్యం చివర 'బట్ యూ క్యాన్ ఇఫ్ యూ వాంట్' అని తగిలించి చదువు. నీడ్ నాట్ తోని, డోంట్ హావ్ టు తోని అది అతుకుతది. మస్ట్ నాట్ తోని అతకదు, వద్దని చెప్పి మళ్ళ ఇష్టముంటే చెయ్యి అన్నట్టు అయితది.

ఇగ కాంట్ సంగతి. 'హీ మస్ట్ బీ ఎట్ హోమ్' ల మస్ట్ ఆర్డర్ కాదు, మన అంచనా, కచ్చితంగ ఇంట్లనే ఉంటడు అని. దీనికి పూర్తి ఉల్టా ఏంది, ఇంట్ల ఉండే ఛాన్సే లేదు. ఛాన్స్ కు మోడల్ క్యాన్, దాన్ని నాట్ తోని కొడ్తే కాంట్. అమెరికా వాళ్ళు 'హీ మస్ట్ నాట్ బీ హంగ్రీ' అని అంచనాకు గూడ మస్ట్ నాట్ వాడ్తరు, అది తప్పు కాదు, కానీ మన ఎగ్జామ్స్ బ్రిటిష్ గ్రామర్ పట్టుకొని పోతయి కాబట్టి నువ్వు కాంట్ పెట్టు.

అన్నిట్లకెల్లి తిప్పలు పెట్టేది మే నాట్. 'స్టూడెంట్స్ మే నాట్ లీవ్ ది హాల్' అంటే పర్మిషన్ లేదు, నాట్ మే మీద పడ్డది. 'ఇట్ మే నాట్ రెయిన్ టుడే' అంటే వాన పడకపోవచ్చు, ఇక్కడ మే బతికే ఉంది, నాట్ రెయిన్ మీద పడ్డది. రెండు పక్కలా అర్థం వచ్చే కాడ, అంచనా చెప్పాల్నంటే మైట్ నాట్ రాయి, పర్మిషన్ లేదని చెప్పాల్నంటే కాంట్ గానీ మస్ట్ నాట్ గానీ రాయి.

స్టాఫ్_నర్స్_వరంగల్:
సార్ మంచిగ చెప్పిండ్రు. చెల్లె, నేను ఫారిన్ పోదామని ఓఈటీకి, అంటే నర్సులు, డాక్టర్లు రాసే ఇంగ్లీష్ టెస్టుకు చదువుతున్న, దాంట్ల స్పీకింగ్ ల మనం నర్సు లెక్క పేషెంటుతోని మాట్లాడాలె, అక్కడ ఈ తేడా మార్కుల కోసం కాదు నిజంగనే ప్రాణాల మీదికి వచ్చేది. 'యూ మస్ట్ నాట్ స్టాప్ ది టాబ్లెట్స్' అనాల్సిన కాడ 'యూ డోంట్ హావ్ టు స్టాప్' అన్నమనుకో, పేషెంటుకు ఆపినా ఆపకున్నా ఒకటే అని అర్థమైతది, బీపీ గోలీలు ఆపేసిండంటే ఎవరు జవాబుదారి? అట్లనే తిన్నంక వేసుకున్నా నడిచే గోలీకి 'యూ డోంట్ హావ్ టు టేక్ ఇట్ ఆన్ యాన్ ఎంప్టీ స్టమక్' అనాలె, అక్కడ మస్ట్ నాట్ అంటే అనవసరంగ భయపెట్టినట్టు. షుడ్ నాట్ కు మస్ట్ నాట్ అంత గట్టి జోరు ఉండదు, సలహా లెక్క వినిపిస్తది, కాబట్టి ప్రమాదం ఉన్న కాడ నేనైతే మస్ట్ నాటే అంట.

ఎల్ఎల్‌బీ_సుబేదారి:
షల్ నాట్ ఎవ్వరు చెప్పలే కాబట్టి నేను చెప్త. రాజ్యాంగంల ఆర్టికల్ 14 'ది స్టేట్ షల్ నాట్ డినై' అని మొదలైతది, చట్టం ముందట సమానత్వాన్ని రాజ్యం ఎవరికీ కాదనొద్దు అని. ఇక్కడ గూడ నాట్ డినై మీదనే పడ్తది, షల్ కు ఏం కాలే, అందుకే అది 'కాదనాల్సిన అవసరం లేదు' అని కాదు, కాదనుడే నిషేధం. కొన్ని చోట్ల నాట్ అనే మాటనే ఉండదు. ఆర్టికల్ 24 ల 'నో చైల్డ్' అని ఎత్తుకొని 14 ఏండ్ల లోపు పిల్లల్ని ఫ్యాక్టరీలల్ల, గనులల్ల పనికి పెట్టొద్దని షల్ తోని రాసిండ్రు, నెగెటివ్ సబ్జెక్టుల ఉన్నా ఫలితం నిషేధమే. పాలిటీ చదివేటప్పుడు ఇంగ్లీష్ కాపీ గూడ పక్కకు పెట్టుకో, గ్రామర్ గూడ వస్తది.

హన్మకొండ_అమ్మాయి:
సార్, అక్కా, అన్నా, అందరికి మస్తు థాంక్స్. ఇంకొక్కటి, ఇవే పాస్ట్ ల అయితే? నీడ్ నాట్ హావ్, డిడ్ నాట్ నీడ్ టు రెండూ ఉన్నయి. మస్ట్ నాట్ కు పాస్ట్ ఏంది?

కాజీపేట_రైల్వే_కాలనీ:
దీనికి నేను చెప్త. సికింద్రాబాద్ పోదామని రిజర్వేషన్ చేసుకున్నవ్, తీరా చూస్తే రైలు సగం ఖాళీ. అప్పుడు 'ఐ నీడ్ నాట్ హావ్ రిజర్వ్డ్ ఎ సీట్', అంటే చేసినవ్, కానీ అవసరం లేకుండె. 'ఐ డిడ్ నాట్ నీడ్ టు రిజర్వ్' అంటే అవసరం లేకుండె అని మాత్రమే, చేసినవా లేదా అది చెప్పదు, ఎక్కువగ చెయ్యలేదనే అనుకుంటరు. మస్ట్ నాట్ నిషేధానికి మస్ట్ తోని పాస్ట్ లేదు, 'వర్ నాట్ అలౌడ్ టు' అనాలె. 'మస్ట్ నాట్ హావ్ సీన్' అంటే చూసి ఉండడు అనే అంచనా, బ్రిటిష్ పద్ధతిల అది 'కాంట్ హావ్ సీన్'.

కుడ్ ల గూడ ఒకటి గుర్తుంచుకో. ఒక్కసారి సాధించిన పనికి 'ఐ కుడ్ క్యాచ్ ది ట్రెయిన్ ఎస్టర్డే' అనరు, వాజ్ ఏబుల్ టు అంటరు. కానీ నెగెటివ్ ల 'ఐ కుడ్ నాట్ క్యాచ్ ది ట్రెయిన్' మంచిగ నడుస్తది, అక్కడ ఆ అడ్డంకి లేదు.

హన్మకొండ_అమ్మాయి:
మూడు వాక్యాలు రాసిన, సార్ చూస్తరా? 'యూ నీడ్ నాట్ టు వర్రీ.' 'షీ కాంట్ హావ్ ఫినిష్డ్ సో సూన్.' 'ఐ కాంట్ ఏబుల్ టు కమ్ టుమారో.'

కరీంనగర్_ఇంగ్లీష్_టీచర్:
రెండోది కరెక్ట్. మొదటిదాంట్ల టు తీసెయ్యి, నీడ్ మోడల్ లెక్క ఉన్నప్పుడు టు రాదు, హీ షీ తోని ఎస్ గూడ రాదు, 'షీ నీడ్ నాట్ వర్రీ' గంతే. టు కావాల్నంటే 'డు నాట్ నీడ్ టు వర్రీ' అను. మూడోదాంట్ల కాంట్, ఏబుల్ టు రెండిట్ల ఒకటే ఉంచు, 'ఐ కాంట్ కమ్' అన్నా సరే, 'ఐ వోంట్ బీ ఏబుల్ టు కమ్' అన్నా సరే. వోంట్ అనేటప్పుడు ఓ గట్టిగ పలుకు, వాంట్ అని వినబడ్తే వస్తా అన్నట్టు అనుకుంటరు.