సాగుడు ముద్ద: తెగిందా, విరిగిందా?

సభ్యులందరికీ నమస్కారం.

గత వారం మన బృందంలో ఒక సభ్యురాలు, పిల్లలచేత ఇంట్లో చేయించదగిన విజ్ఞాన కృత్యాల మీద వ్యాసం రాస్తున్నాననీ, తెల్ల జిగురుతో తయారుచేసే సాగే పుట్టీకి తెలుగులో ఏ పేరు పెడితే బాగుంటుందో చెప్పమనీ అడిగారు. వచ్చిన సమాధానాలలో ‘స్థితిస్థాపక లప్పం’ అన్న పేరును ఎక్కువమంది మెచ్చుకున్నారు. నాకు మాత్రం అది సమ్మతంగా లేదు. అయితే పదార్థాన్ని చేత్తో పట్టి చూడకుండా దాని పేరు గురించి వాదించడం సరికాదనిపించి, పోయిన ఆదివారం తిరుపతిలో మా ఇంటి వరండాలో మా అన్నయ్య మనవలిద్దరినీ, పక్కింటి పిల్లలు ముగ్గురినీ కూర్చోబెట్టుకుని దాన్ని చేయించాను. పేరు కోసం మొదలుపెట్టిన పనిలో క్రియాపదాల సంగతి ఒకటి బయటపడింది. ఈ టపా రాయడానికి అసలు కారణం అదే.

ముందుగా ముడిసరుకు గురించి చెప్పాలి. జిగురును ముద్దకట్టించే పొడి కోసం బజారులో రెండు దుకాణాలలో ‘బోరాక్స్’ అని అడిగితే లేదన్నారు. మూడవది నాటుమందుల అంగడి. అక్కడ ‘వెలిగారం ఉందా’ అని అడగగానే పెద్దాయన ‘వెంగారమా?’ అంటూ డబ్బా దించారు. వెంగారం అన్నది తమిళం వారి మాట. మన జిల్లాలలో ఇటువంటి జంట మాటలు అంగళ్ళలో రోజూ వినిపిస్తూనే ఉంటాయి. ‘వెలి’ అంటే తెలుపు, వెలిదమ్మి అంటే తెల్లతామర. వెలిగారం తెల్లని క్షారం. సంస్కృతంలో దీనిని టంకణం అంటారు. బంగారం అతికేటప్పుడు కంసాలి అతుకు దగ్గర వేసేది ఇదే. వ్యాసం రాస్తున్న సభ్యురాలికి నా మొదటి విన్నపం ఏమిటంటే, ‘బోరాక్స్’ అని రాసినా పక్కనే ‘వెలిగారం’ అని తప్పక రాయండి. చదివినవారు అంగడికి వెళ్ళి అడగగలిగిన మాట అది.

మేము 4 పెద్ద చెంచాల తెల్ల జిగురులో 2 పెద్ద చెంచాల నీళ్ళు కలిపాము. వేరే గిన్నెలో పావు లీటరు గోరువెచ్చని నీళ్ళలో 1 చిన్న చెంచా వెలిగారం పొడిని నేనే కరిగించాను. పొడి చేయడం, కరిగించడం పెద్దవాళ్ళు చేయవలసిన పనులు. వెలిగారం కడుపులోకి పోకూడదు, చేతికి గాయాలున్న పిల్లలు ముట్టుకోకూడదు, ఆట ముగిశాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అన్నీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఈ ఆట వద్దు. ఆ నీటిని జిగురులో కొద్దికొద్దిగా పోస్తూ కలియబెడుతుంటే, ఒక్క నిమిషంలోనే అది గిన్నె అంచులను వదిలి చెంచా చుట్టూ చేరడం మొదలుపెట్టింది.

పిల్లలు దాని పేరు మారుస్తూ పోవడాన్ని నేను అప్పుడే గమనించాను. సీసాలో ఉన్నంతసేపు అది ‘జిగురు’. వెలిగారం నీళ్ళు పడి, ఇంకా చేతికి అంటుకుంటూ ఉన్న దశలో ‘ఛీ, బంక’ అన్నారు. రెండు నిమిషాలు పిసికిన తరువాత చేతికి అంటడం మానేసింది. ఆ క్షణం నుంచి ఎవరూ బంక అనలేదు, ‘ముద్ద’ అన్నారు. తుమ్మబంక, బంకమట్టి అన్న మాటలలో అంటుకునే గుణమే ప్రధానం; సంగటి ముద్ద అన్నప్పుడు పిడికిట్లో ఒక ఆకారానికి వచ్చి నిలవడం ప్రధానం. ఎవరూ నేర్పకుండానే ఆ తేడాను పిల్లలు పాటించారు. అందువల్ల ‘సాగుడు బంక’ అన్న మరొక ప్రతిపాదన కూడా పొసగదని నా అభిప్రాయం. అది సగం దారిలో ఉన్న పదార్థానికి పేరు అవుతుంది కానీ, తయారైన దానికి కాదు.

ఇక అసలు సంగతి. పెద్ద మనవడు ముద్దను రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా లాగాడు. అది సన్నబడుతూ, నడుమ వేలాడుతూ, మూరెడు పొడవు సాగి, చివరకు దారంలా అయిపోయి రెండయింది. ‘తెగిపోయింది’ అన్నాడు. పక్కింటి పాపకు అంత ఓపిక లేదు. ఒక్క ఉదుటున లాగింది. ముద్ద అసలు సాగకుండా రెండు ముక్కలై, ముక్కల అంచులు సుద్దముక్కను తుంచినట్టు చదునుగా కనిపించాయి. ‘విరిగిపోయింది’ అంది. ఒకే గిన్నెలోని ఒకే ముద్దకు ఇద్దరు పిల్లలు రెండు క్రియలు వాడారు, రెండూ సరైనవే. కావాలని మళ్ళీ మళ్ళీ చేయించి చూశాను. నెమ్మదిగా లాగిన ప్రతిసారీ ‘తెగింది’, గుంజిన ప్రతిసారీ ‘విరిగింది’ అనే వచ్చింది.

తెలుగులో దారం తెగుతుంది, కొమ్మ విరుగుతుంది, గుడ్డ చిరుగుతుంది, కుండ పగులుతుంది. తాడు విరిగిందనీ, కర్ర తెగిందనీ మనం అనము. వంగుతూ పొడవుగా ఉండే దానికి తెగడం. వంగకుండా బిరుసుగా ఉండే దానికి విరగడం. (పాలు విరగడం, మనసు విరగడం వేరే దారిన వచ్చిన ప్రయోగాలు, వాటిని ఇక్కడ కలపడం లేదు.) అంటే మన క్రియాపదంలోనే వస్తువు స్వభావం ఇమిడి ఉంది. మామూలు వస్తువులు తమ క్రియను మార్చుకోవు. ఈ ముద్ద మాత్రం మనం లాగే వేగాన్నిబట్టి క్రియను మార్చుకుంటుంది. ద్రవంలా ప్రవర్తించేటప్పుడు తెగుతుంది, ఘనపదార్థంలా ప్రవర్తించేటప్పుడు విరుగుతుంది. పదార్థ విజ్ఞానంలో దీనిని గురించి చెప్పే మొదటి మాట కూడా సరిగ్గా ఇదే. పిల్లల నోట అప్రయత్నంగా వచ్చిన ఆ రెండు క్రియలను వ్యాసంలో ముందు పెట్టి, వివరణను తరువాత ఇస్తే బాగుంటుంది.

ఆ వివరణకు కూడా మనకు సామెత సిద్ధంగా ఉంది. తెల్ల జిగురులో పొడవైన అణు గొలుసులు నీటిలో తేలుతూ ఉంటాయి. ఒకదాని పక్కనుంచి ఒకటి జారిపోగలవు కనుక అది పోస్తే పారుతుంది. వెలిగారం నీటిలో కరిగినప్పుడు ఏర్పడే బోరేట్ అయాన్లు ఒక గొలుసును పక్క గొలుసుతో అక్కడక్కడ ముడివేస్తాయి. ముడులు పడ్డాక ఒక గొలుసును లాగితే అన్నీ కదలవలసిందే, తీగ లాగితే డొంకంతా కదిలినట్లు. అయితే ఇవి గట్టి ముడులు కావు. ఊడిపోయి మళ్ళీ వేరేచోట పడుతుంటాయి. నెమ్మదిగా లాగితే ముడి ఊడి కొత్తచోట పడడానికి వ్యవధి ఉంటుంది కనుక ముద్ద సాగుతుంది. గుంజితే ఆ వ్యవధి ఉండదు కనుక డొంక డొంకంతా ఒక్కచోట విరుగుతుంది.

ఇప్పుడు ‘స్థితిస్థాపక లప్పం’ దగ్గరకు వస్తాను. స్థితిస్థాపకత అంటే లాగి వదిలితే మునుపటి స్థితికి తిరిగి రావడం. అది రబ్బరు బ్యాండు గుణం. ఈ ముద్దను లాగి బల్లమీద పెడితే అలాగే ఉండిపోతుంది, వెనక్కి రాదు. బంతిగా చుట్టి నేలకు కొడితే కొంచెం ఎగిరిన మాట నిజమే కానీ, ఆ ఒక్క క్షణపు గుణాన్ని పేరులో పెట్టడం న్యాయం కాదు. లప్పం గోడలకు రంగులు వేసేవారి మాట; పగుళ్ళలో నింపితే ఎండి రాయిలా గట్టిపడడమే దాని పని. ఆంగ్లంలో ఈ ఆటవస్తువుకు పుట్టీ అన్న పేరు వచ్చిన చరిత్ర వేరు. 1943లో, యుద్ధకాలపు రబ్బరు కొరతలో, అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో జేమ్స్ రైట్ అనే ఇంజనీరు సిలికోన్ నూనెలో బోరిక్ ఆమ్లం కలిపి ఒక సాగే పదార్థాన్ని తయారుచేశాడు. 1950లో పీటర్ హాడ్జ్‌సన్ దానిని ప్లాస్టిక్ గుడ్లలో పెట్టి ‘సిల్లీ పుట్టీ’ పేరుతో ఆటవస్తువుగా అమ్మాడు. మన ఇంట్లో జిగురుతో చేసేది ఆ సిలికోన్ పదార్థం కానే కాదు. ఆ పేరును మోసుకు రావలసిన అవసరం మనకు లేదు.

నా ప్రతిపాదన ‘సాగుడు ముద్ద’. తాగుడు, వాగుడు, ఎగుడుదిగుడు అన్న తీరులోనే సాగుడు. చెబితే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

పలమనేరు నుంచి ఒక సభ్యురాలు:

మీ టపా చదివాక మా పాఠశాల పిల్లలచేత కూడా చేయించాలనిపించింది. అయితే సైన్సు పాఠంలో లోహాల గుణాలు చెప్పేటప్పుడు తాంతవత, స్తరణీయత అని నేర్పుతున్నాము కదా. తీగగా సాగే గుణానికి తాంతవత అన్న శాస్త్రపదం ఉండగా సాగుడు అనడం వల్ల పిల్లలు పరీక్షలో తికమకపడరా?

నా సమాధానం:

టీచరు గారూ, తాంతవత లోహపు తీగ గుణం. ఘనపదార్థం ఘనపదార్థంగానే ఉంటూ తంతువుగా మారడం. ఈ ముద్దకు ఆ పదం పెడితేనే తికమక కలుగుతుంది. అదీగాక ఆ రెండు పదాలకూ కంసాలి కొట్టంలో ఏనాటినుంచో తెలుగు మాటలు ఉన్నాయి. సుత్తితో రేకుగా సాగగొట్టడం స్తరణీయత. కమ్మచ్చు అనే బెజ్జాల పలకలో తీగ తీయడం తాంతవత. ముందు ఈ మాటలు చెప్పి, తరువాత పుస్తకంలోని మాటలు చెబితే పిల్లలకు రెండూ గుర్తుంటాయి. సాగు అన్న క్రియ ఎన్ని రకాలుగా పనిచేస్తుందో కూడా తరగతిలో చూపవచ్చు. ముద్ద తనంతట తాను సాగుతుంది, మనం దాన్ని సాగదీస్తాము, కంసాలి సాగగొడతాడు, పనిని సాగిస్తాము, చుట్టాలను సాగనంపుతాము. మా చిన్న మనవడు ‘నేను ముద్దను సాగించాను’ అన్నప్పుడు ‘సాగదీశాను అనాలి నాన్నా’ అని దిద్దాను. తేడా ఏమిటని అడిగాడు. ప్రయాణం సాగిస్తాము, పిండి సాగదీస్తాము అని చెబితే వెంటనే అందుకున్నాడు.

కుప్పం నుంచి ఒక సభ్యుడు:

మా వైపు కన్నడంలో సాగువళి అంటే వ్యవసాయం. తమిళంలోనూ సాగుబడి ఉంది. మన సాగునీరు, సాగుభూమి కూడా అవే కదా. ఇంకొక మాట. సాగే దానికి మనకు ‘జీడిపాకం’ అన్న పేరు ఉండగా కొత్తగా సాగుడు ముద్ద ఎందుకు? అంతూపొంతూ లేకుండా నడిచే ధారావాహికను కూడా ‘జీడిపాకంలా సాగదీస్తున్నారు’ అంటాము కదా.

నా సమాధానం:

అన్నా, మూడు రాష్ట్రాల కూడలిలో ఉండి మీరు చూపించే ఇటువంటి పోలికలు ఎప్పుడూ విలువైనవే. ‘పొలం సాగులో ఉంది’ అన్నప్పుడు పని ముందుకు నడుస్తున్నదన్న భావమే ఉంది. ముద్ద సాగినప్పుడూ అది ముందుకే పోతుంది. జీడిపాకం మాట నాకూ ఎంతో ఇష్టమైనది. చిత్తూరు బెల్లం మండీ దగ్గర పెరిగినవాణ్ణి కనుక లేతపాకం, తీగపాకం, ఉండపాకం అన్న మెట్లు నాకు అక్షరాలకన్నా ముందే తెలుసు. జీళ్ళు చేసేవారు వేడి పాకాన్ని కొక్కేనికి తగిలించి లాగి, మడిచి, మళ్ళీ లాగుతారు. లాగినకొద్దీ గాలి లోపలికి చేరి రంగు తెల్లబడుతుంది. చల్లారిన తరువాత ఆ జీడినే కొరికితే పటుక్కున విరుగుతుంది. చూడండి, అక్కడా రెండు క్రియలున్నాయి, సాగడం, విరగడం. కానీ అక్కడ క్రియను మార్చేది వేడి, ఇక్కడ మార్చేది వేగం. ఈ పోలిక వ్యాసంలో తప్పక ఉండాలి. పేరుగా మాత్రం వద్దు, దానికి ఒకే కారణం. తినే వస్తువు పేరు పెడితే చిన్నపిల్లలు దీన్ని నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది.

మొదట ప్రశ్న అడిగిన సభ్యురాలు:

సాగుడు ముద్ద అన్న పేరు తీసుకుంటున్నాను, చాలా కృతజ్ఞతలు. ముద్ద గుడ్డలకు అంటుకుంటే ఏమి చేయాలో, ఎన్నాళ్ళు నిలవ ఉంటుందో కూడా చెప్పగలరా?

నా సమాధానం:

గుడ్డకు అంటితే వెనిగర్ గానీ నిమ్మరసం గానీ రాసి కాసేపు ఉంచండి; పులుపు తగిలితే ఆ బోరేట్ ముడులు వీడిపోయి ముద్ద నీరుగారుతుంది, ఆపైన నీళ్ళతో కడిగితే పోతుంది. ఈ నీరుగారడాన్ని గిన్నెలో పిల్లలకు విడిగా చేసి చూపించండి. ఉత్సాహం నీరుగారడమే తప్ప నిజంగా ఒక వస్తువు నీరుగారడం చూడని పిల్లలు ఆ మాటను ఇక మరిచిపోరు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెడితే కొన్నాళ్ళు మెత్తగా ఉంటుంది. బూజు పట్టినా వాసన వచ్చినా పారవేయాలి.

నిలవ మాట వచ్చింది కనుక ఇంకొకటి చెబుతాను. ఆ రాత్రి పిల్లలు ముద్దను గుండ్రంగా చుట్టి ఒక పెద్ద డబ్బాలో పెట్టారు. తెల్లవారి మూత తీస్తే ఉండ లేదు; డబ్బా అడుగంతా పరచుకుని ఉంది. అంత నెమ్మదైన బరువుకు అది రాత్రంతా పారుతూనే ఉందన్నమాట. దీనికి ఏ క్రియ వాడాలని పిల్లలను అడిగాను. ‘కరిగింది’ అని ఒకరు, ‘పడుకుంది’ అని ఒకరు అన్నారు. కరగడం కాదు, చేత్తో తీస్తే మళ్ళీ ముద్దే అవుతున్నది. అప్పుడు పూజగదిలోనుంచి వస్తున్న మా వదిన డబ్బాలోకి తొంగి చూసి, ‘సాగిలపడింది’ అంది.