పెరట్లో పిచ్చిపూలు: పెరకాలా, ఉంచాలా?

మిద్దె పెరడు (అనంతపురం):
వాన పడితే చాలు, మా పెరట్లో తుమ్మి, గడ్డిచామంతి, పల్లేరు లేచి కూచుంటాయి. మూలన తంగేడు, గోడవార జిల్లేడు. తుమ్మెదలు, సీతాకోకచిలుకలు బాగా వస్తాండాయి, ఉండనిద్దామని నేను. పాములొస్తాయని మా అత్త. కసువు పెంచుకుంటాండారని పక్కింటోళ్ళ నవ్వులు. మీరైతే ఏం చేస్తారు?

శెనక్కాయ రైతు (కళ్యాణదుర్గం):
పెరికెయ్ అక్కా. 2000 ఖరీఫ్ మర్చిపోయినారా? కాండం కుళ్ళు వైరస్ మన జిల్లాలో దగ్గర దగ్గర 2.25 లక్షల హెక్టార్ల శెనక్కాయను పట్టింది. 300 కోట్లకు పైగా నష్టం. ఎక్కణ్ణుంచి వచ్చింది? వయ్యారిభామ పూల నుంచి. ఆ మొక్కకు పైకి ఏ రోగమూ కనపడదు, వైరస్ అంతా పుప్పొడిలో. తామర పురుగులు ఆ పుప్పొడి ఒంటికి పూసుకోని చేలోకొచ్చి లేతాకు గీకినాయంటే మొవ్వు మాడి, కాండం నల్లబడి చెట్టే పోతాది. ఇంకోమాట. శెనక్కాయ తన పువ్వులో తానే కాయ కట్టుకునే పంట. మీ ఈగలతో, తుమ్మెదలతో మాకేం పని?

తుమ్మెదల పిచ్చోడు (కడప):
వయ్యారిభామ మాట నిజమే అన్నా, అక్కడ వాదన లేదు. కానీ అక్క చెప్పిన వాటిలో అది లేదే! పొద్దుతిరుగుడుకూ అదే వైరస్ వస్తాది, శెనక్కాయ పక్కన వేయొద్దంటారు. అది పిచ్చిమొక్కా? చూడాల్సింది ఏ మొక్క అనేది. ఎవరూ నాటకుండా మొలిచిందని దాని మెడ కోస్తే ఎట్ల?

అక్కా, పొద్దున్నే తంగేడు దగ్గర కాసేపు నిలబడు. నల్ల తుమ్మెద వాలి, పువ్వును కాళ్ళతో పట్టుకోని, రెక్కలు ఆడించకుండానే ఒళ్ళంతా వణికిస్తాది. జుయ్యిమని సద్దు. కేసరాల కొసన సన్న కంతలుంటాయి. ఆ వణుకుకు పుప్పొడి వాటిలోంచి చిమ్మి తుమ్మెద పొట్ట మీద పడతాది. తంగేడు పువ్వులో తేనె లేదు, పుప్పొడి కోసమే ఈ తంటా అంతా. పెరట్లో వంగ చెట్లుంటే చూడు, ఆ పువ్వుల్లో కూడా అట్లాంటి కంతలే.

కర్నూలు కుర్రోడు:
తేనెపెట్టె ఒకటి పెట్టుకుంటే పోలా? ఈ చెత్తంతా ఎందుకు?

తుమ్మెదల పిచ్చోడు (కడప):
పెట్టెలోని తేనెటీగకు ఆ వణికించడం రాదు తమ్ముడూ. గుమ్మడికి, దోసకు బ్రహ్మాండంగా పనికొస్తాది, వంకాయ దగ్గర మాత్రం తుమ్మెదే మొనగాడు. అది ఎండు కొయ్య, వెదురు తొలుచుకోని గూడు పెడతాది. కాబట్టి అక్కా, పాత వెదురుబొంగులుంటే పొయ్యిలో పెట్టొద్దు. జిల్లేడాకు మీద నలుపు, పసుపు చారల పురుగు కనపడినా మందు కొట్టొద్దు, అదే నారింజ రంగు సీతాకోకచిలుక అయ్యేది. పాముల భయానికి ఇంటి గోడ పక్కన, నడిచే దారిలో శుభ్రంగా ఉంచి, మిగతాది వదిలెయ్. పల్లేరు మాత్రం పెరికెయ్, చెప్పుల్లోకి దిగే ముల్లును నేనూ సమర్థించలేను.

శెనక్కాయ రైతు (కళ్యాణదుర్గం):
తంగేడుతో నాకేం పగ లేదు సామీ. వయ్యారిభామను పూత రాకముందే పెరకాల, అంతే. మేం చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్నో సజ్జో వేసేది ఎందుకనుకున్నారు? గాలికొచ్చే పుప్పొడిని, పురుగును అడ్డుకోడానికే. మీ పెరట్లో ఆ మొక్క లేదు సరే, పక్క ప్లాట్లో?

మిద్దె పెరడు (అనంతపురం):
పక్క ప్లాటు నిండా అదే అన్నా, నడుమెత్తు. ఓనరు బెంగళూరులో ఉంటాడు, ఫోనెత్తడు. ఈ ఆదివారం చేతులకు తొడుగులేసుకోని మేమే దిగుదామనుకుంటాండాం. వాళ్ళ స్థలంలో మేం పెరికితే గొడవవుతాదా? ఎవరికన్నా తెలిస్తే చెప్పండి.