‘ఎస్‌ఎస్‌డీ డిటెక్ట్ అయితలేదు’: తెలుగులో ఏమనాలె?

హనుమకొండ నుంచి: కొత్త ఎస్‌ఎస్‌డీ, అంటే ఫైళ్లు దాచే డ్రైవ్, వేసినంక లాప్‌టాప్ దాన్ని తీసుకోకపోతే ఏం చేయాలో తెలుగులో రాసి మా షాపు గోడకు అంటిద్దామనుకుంటున్న. ‘డిటెక్ట్ అయితలేదు’కు ఏ మాట పెట్టాలె? గుర్తుపడ్తలేదా, కనబడ్తలేదా?

కరీంనగర్ నుంచి: డిటెక్ట్ అనే ఉంచు తమ్మీ. అందరికీ తెలిసిన మాటే కదా.

వరంగల్ నుంచి: మాట తెలిసిందే అన్నా, కాదనను. కానీ అంతమాత్రం చెప్పి లాప్‌టాప్ చేతిలో పెడితే లోపం ఎక్కడుందో మెకానిక్‌కు తెలియదు. మన ఇళ్లలో మాట్లాడే తెలుగులో దీన్ని విడదీసి చెప్పే మాటలున్నాయి.

గుర్తుపట్టడం అంటే ఎదురుగా వచ్చిన మనిషి ఫలానా అని పోల్చుకోవడం. బయోస్, అంటే విండోస్ కంటే ముందే లేచే ప్రోగ్రామ్, చేసే పని అదే. ఆన్ చేయగానే ఎఫ్2 గానీ, ఆ కంపెనీ పెట్టిన ఇంకో కీ గానీ నొక్కి లోపలికి పోతే డ్రైవ్ పేరు కనిపించాలి. లేదంటే ‘బయోస్ గుర్తుపడ్తలేదు’ అని రాయి. అప్పుడు విండోస్‌తో కుస్తీ పట్టి లాభం లేదు. షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, మూత విప్పాల్సిందే. ఎం.2 కార్డును, అంటే సన్నటి పట్టీ లాంటి ఎస్‌ఎస్‌డీని, ఏటవాలుగా పెట్టి, బంగారు రంగు అంచు స్లాట్‌లోకి పూర్తిగా పోయేదాకా నెట్టి, ఆ తర్వాతే కిందికి వంచి స్క్రూ బిగించాలి. సగం దూరి ఆగినా పైకి బాగానే కూర్చున్నట్టు ఉంటుంది.

ఆ అంచు మీది గాట్లు కూడా చూడాలి. సాటా, ఎన్‌వీఎంఈ అనేవి డ్రైవ్ లాప్‌టాప్‌తో మాట్లాడే రెండు పద్ధతులు. రెండు గాట్లున్న కార్డులు ఎక్కువగా సాటా రకం. ఎన్‌వీఎంఈ మాత్రమే నడిచే స్లాట్‌లో అవి చక్కగా దూరతాయి, కానీ పనిచేయవు. దానికి ‘ఈ స్లాట్‌కు పడదు’ అనే మాట ఎంత బాగా సరిపోతుందో చూడు. ఫలానా మందు నాకు పడదు అంటామే, ఆ ‘పడదు’.

కనబడకపోవడం వేరే సంగతి. బయోస్‌లో పేరుంది, విండోస్‌లో ‘దిస్ పీసీ’ తెరిస్తే లేదు. కొత్త డ్రైవ్ పార్టిషన్ (డ్రైవ్‌లో చేసుకునే భాగం) లేకుండా వస్తుంది కాబట్టి దానికి సీ, డీ లాంటి లెటర్ ఉండదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఇనీషియలైజ్ చేసి (కొత్తగా వాడకానికి సిద్ధం చేసి), జీపీటీ అనే పార్టిషన్ పద్ధతి ఎంచుకుని, న్యూ సింపుల్ వాల్యూమ్ ఇస్తే కనబడుతుంది.

జగిత్యాల నుంచి: బయోస్‌లో ఉంటది, విండోస్ 11 వేస్తుంటే మాత్రం డ్రైవే లేదంటది. దాన్నేమనాలె అక్కా?

వరంగల్ నుంచి: ‘దొరుకుతలేదు’. వెతికితేనే కదా దొరకడం. అక్కడ వెతికేది విండోస్ వేసే సెటప్. కొన్ని ఇంటెల్ లాప్‌టాప్‌లలో వీఎండీ అనే స్టోరేజ్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, దాని డ్రైవర్ (నడిపే సాఫ్ట్‌వేర్) లేని సెటప్‌కు డ్రైవ్ అందదు. లాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఆ డ్రైవర్, అంటే ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ, తెచ్చి, పెన్‌డ్రైవ్‌లో విప్పి పెట్టుకుని, ‘లోడ్ డ్రైవర్’ నొక్కితే దొరుకుతుంది.

హనుమకొండ నుంచి: కనబడ్తలేదు, దొరుకుతలేదు అని మన యాసలోనే రాయొచ్చా అక్కా? గోడ మీద బాగుంటదా?

వరంగల్ నుంచి: బాగుంటుంది తమ్మీ, చదివేది మనోళ్లే. ఒక్కటి మాత్రం పెద్ద అక్షరాలతో రాయి. పాత ఫొటోలున్న డ్రైవ్ పాడైనప్పుడు కూడా విండోస్ ఒక్కోసారి ఇనీషియలైజ్ చేయమని అడుగుతుంది. అప్పుడు ఓకే నొక్కొద్దు, అట్లనే షాపుకు తెమ్మను.