సమస్య: ఇల్లు కూలెను గాని యా యిల్లు నిలిచె

చెరువుగట్టు (నిర్వహణ):
తేటగీతి పాదం. దీన్నే నాలుగో పాదంగా ఉంచి, ముందు మూడు పాదాలు మీరు రాసి పద్యం పూరించాలి. వస్తువు ఇంగ్లండు నీటిరంగుల చిత్రకారిణి హెలెన్ ఆలింగ్‌హామ్ (1848–1926). 1881లో లండన్ వదిలి సర్రేలోని విట్లీ దగ్గర కాపురం పెట్టారు. రైలు వచ్చాక పట్నం డబ్బు ఆ పల్లెలకు చేరి, వందల ఏళ్ల ఇళ్లను పడగొట్టడమో రూపు మార్చడమో మొదలైంది. ఆవిడ ఆ ఇళ్ల ముందే కూర్చుని బొమ్మలు వేశారు. సమస్య అచ్చుతో మొదలవుతోంది, మూడో పాదం చివరి మాటతో సంధి పడి ఇచ్చిన పాదం మారిపోకుండా జాగ్రత్త.

పాలపిట్ట:
సర్రె పల్లెల పాతిళ్ళ సర్వశోభ
నీటి రంగుల హెలెనమ్మ నిలిపె నాడు
కప్పు, కిటికీలు, పూదోట కాగితమున
ఇల్లు కూలెను గాని యా యిల్లు నిలిచె

చెరువుగట్టు:
పాలపిట్ట గారూ, "హెలెనమ్మ" ఎంత హాయిగా ఉందో! "సర్వశోభ" మాత్రం యతి కోసం వచ్చినట్టుంది, "సౌరులన్ని" అనండి. "కాగితమున" తర్వాత "నిల్లు" అని సంధి పడుతుంది. "కరగవాయె" అంటే వాక్యం అక్కడే ముగుస్తుంది, ఇబ్బంది ఉండదు.

మల్లెపందిరి:
మొదటి ప్రయత్నం, టెన్షన్‌గా ఉంది.
తైల వర్ణమ్ములను గూర్చి తరుణి దిద్దె
విట్లి వీధుల మట్టిళ్ళ వెలుగునంత
కోళ్ళు, పిల్లలు, పూదీవె గుబురులుండె
ఇల్లు కూలెను గాని యా యిల్లు నిలిచె

గోరువంక:
గణాలు, యతులు చక్కగా కుదిరాయి. మూడో పాదం నాకు చాలా నచ్చింది, ఆవిడ బొమ్మల్లో నిజంగా కనిపించేవి అవే. కానీ ఆవిడవి తైలవర్ణాలు కావు. రంగు ఆరాక చాకుమొనతో గీకి కాగితం తెలుపును బయటికి తీసే పని అది. "నీటి వర్ణమ్ములను గూర్చి నెలత దిద్దె" అంటే యతీ నిలుస్తుంది. అక్కడివి మట్టిళ్లు కూడా కావు. కర్ర చట్రం, ఇటుక, కొన్నిటికి గోడల మీద కూడా పెంకులు తొడుగుతారు. "పాతిళ్ళ" సరిపోతుంది.

నా పూరణ:
తండ్రి పోయెను రోగమ్ము దాడిసేయ
భర్త పోయెను ముగ్గురు బాలలుండ
కుంచె చేపట్టి నిలబెట్టె గూడు తానె
ఇల్లు కూలెను గాని యా యిల్లు నిలిచె

చెరువుగట్టు:
ఇల్లంటే సంసారం అన్న అన్వయం బాగుంది గోరువంక గారూ. 1862లో కంఠసర్పి (డిఫ్తీరియా) వచ్చి డాక్టరైన తండ్రినీ, ఒక చెల్లినీ తీసుకుపోయింది. హెలెన్‌కు అప్పుడు 13 ఏళ్లు. 1889లో భర్త, కవి విలియం ఆలింగ్‌హామ్ పోయారు. మరుసటి ఏడే, 1890లో, రాయల్ వాటర్ కలర్ సొసైటీ ఆవిడను పూర్తి సభ్యురాలిగా ఎన్నుకుంది. ఆ హోదా పొందిన తొలి మహిళ ఆవిడే. "పోయెను" రెండుసార్లు రావడం దోషం కాదు, అక్కడే గుండె పట్టేసింది.

మల్లెపందిరి:
సవరణలకు ధన్యవాదాలండీ. ఒక సందేహం. "ఆ యిల్లు" అంటే కూలిన ఇల్లే కదా?

చెరువుగట్టు:
అచ్చంగా అదే కాదమ్మా. ఇంటికి కొత్త కిటికీ పెట్టేసి ఉంటే, ఆవిడ దాన్ని వేసేవారు కాదు. సీసపు పట్టీల మధ్య చిన్న చిన్న అద్దాలు పొదిగిన పాతకాలపు కిటికీని తిరిగి పెట్టేవారు. కళ్లముందున్న ఇంటికన్నా ముందటి ఇల్లు బొమ్మలో నిలిచింది. అందుకే ఇది రాసుకున్నాను:
మార్చి కట్టిన కిటికీని మరల మార్చి
తాత నాటి యద్దమ్ముల దాను బెట్టె
చూచువారికి నిజమని తోచుచుండె
ఇల్లు కూలెను గాని యా యిల్లు నిలిచె

మల్లెపందిరి:
రెండో పాదం దగ్గర ఆగిపోయానండీ. మూడోదానిలో చూచు, తోచు... ప్రాసయతేనా?

చెరువుగట్టు:
అవునమ్మా. యతిస్థానంలో మొదటి అక్షరాలు కలవకపోయినా, వాటి పక్కనున్న రెండో అక్షరాలు, ఇక్కడ "చు", "చు", కలిశాయి కదా.